ఆగమన్నాడు

పోలిరాజు వృత్తి గోడలకూ పైకప్పులకూ ఫోమ్ పలకలు బిగించడం. ప్రవృత్తి కన్నబాబును ద్వేషించడం. మొదటిదానిలో పోర్ట్ బ్లెయిర్ మొత్తంలో అతనికి పోటీ తక్కువ. రెండోదానిలో అసలు లేదు, ఎందుకంటే కన్నబాబును మిగతా జంగ్లీఘాట్ పేటంతా గౌరవించేది.

ఫోమ్ పలక అంటే నల్లగా, మెత్తగా, ఒంటినిండా బొడిపెలతో కోడిగుడ్ల అట్టలా కనిపించే వస్తువు. హోటళ్ళ మీటింగు హాళ్ళలో, పాటలు రికార్డు చేసుకునే గదుల్లో గోడల నిండా పరుస్తారు. మాట్లాడిన మాట గోడకు తగిలి వెనక్కి రాకుండా అది మింగేస్తుంది. దీన్ని జనం స్పంజీ అంటారు. పోలిరాజు దగ్గర ఆ మాట అన్నవారికి చిన్న ఉపన్యాసం ఉచితం.

"స్పంజీతో గిన్నెలు తోముతారు బాబూ. ఇది అకౌస్టిక్."

ఉపన్యాసంలో రెండో భాగం ఇంకా ముఖ్యమైనది. "ఇది గది లోపలి మోతని తాగుతాది, అంతే. గోడ దాటిపోయే సౌండుని ఆపదు. ఆపాలంటే గోడే మందంగా కట్టుకోవాల. తరవాత నన్ను అడగొద్దు."

వినియోగదారులు గంభీరంగా తలలూపి, తరవాత అడిగేవారు. ఇంత మెత్తటి సరుకు పెట్టించాక శబ్దం బయటికి ఎలా పోతుందన్నది వారి ధర్మసందేహం. పైగా సరుకు ఓడలో వచ్చింది కాబట్టి దాని మీద గౌరవం కూడా ఎక్కువ.

పనిలో అతని పద్ధతి అతనిది. అండమాన్ గోడలకు ఏడాదిలో ఎక్కువ భాగం చెమటే. జిగురు రాసి పలకను తిన్నగా గోడకు అంటిస్తే మొదటి వానలకే అది రాజీనామా చేసి నేల మీదికి వస్తుంది. అందుకని పోలిరాజు ముందు పలకను పల్చటి ప్లైవుడ్డుకు అంటించి, ఆ ప్లైవుడ్డును స్క్రూలతో గోడకు బిగించేవాడు. పైకప్పు అయితే మూలనుంచి మూలకు దారం లాగి, నడిమధ్యను పట్టుకుని, అక్కడినుంచి అంచుల వైపు వచ్చేవాడు. అతను బిగించిన పలక ఊడిందని ఎవరూ చెప్పగా వినలేదు. అతను పట్టిన పగ కూడా అలాంటిదే.

ఆ పగ పుట్టుపూర్వోత్తరాలు చెప్పాలంటే అతని తల్లి గవరమ్మ దగ్గర మొదలుపెట్టాలి.

పోలిరాజు తండ్రి నూకన్న శ్రీకాకుళం తీరం నుంచి చేపల వేటకు అండమాన్ వచ్చాడు. వస్తూ కొడుకును తెచ్చుకున్నాడు; పెళ్ళాన్ని తెచ్చుకోలేకపోయాడు. ముసలి అత్తగారు ఊరు కదలనంది, అత్తగారిని వదిలి గవరమ్మ కదలనంది. నూకన్న ఏడాదికోసారి ఓడెక్కి వెళ్ళి కాపురం చేసి వచ్చేవాడు. అలా వెళ్ళి వస్తూనే ఒకనాడు పోయాడు. పోలిరాజు జంగ్లీఘాట్‌లో పెరిగి, హిందీలో తగువులాడడం నేర్చుకుని, డింగీ అనే చిన్న పడవ నడిపి, వయసొచ్చాక తల్లి చూసిన కాళమ్మనే పెళ్ళి చేసుకుని తెచ్చుకున్నాడు. ముసలావిడ కాలం చేశాక గవరమ్మ కూడా ఓడ దిగింది. దిగి నెల తిరగకుండానే సునామీ వచ్చింది.

గవరమ్మ మర్యాదగల మనిషి. అంటే మర్యాద ఇతరుల దగ్గరనుంచి వసూలు చేసే మనిషి. సొంత ఊళ్ళో ఆవిడను ఎవరూ ఏకవచనంలో పిలిచి ఎరగరు. నూకన్న కూడా పిలవాల్సి వస్తే దగ్గేవాడు.

ఆ ఆదివారం పొద్దున పోలిరాజు సముద్రం మీద ఉన్నాడు. సముద్రం మీద ఉన్నవాడికి ఏమీ తెలియలేదు. డింగీ ఒకసారి మెత్తగా లేచి దిగింది. గాలి కూడా లేదే, అనుకున్నాడు. తిరిగి వచ్చేసరికి దిగడానికి రేవు లేదు. ఒడ్డున వాళ్ళ ఇల్లుండే వరసలో నీళ్ళున్నాయి. కాళమ్మ ఎవరిదో కంచెకు అతుక్కుని బతికింది. గవరమ్మ బతకలేదు.

కాళమ్మ భర్తకు జరిగింది చెప్పింది. భూమి ఊగింది. నీళ్ళు వెనక్కి పోయాయి. వస్తున్నాయి వస్తున్నాయని జనం వాలు రోడ్డు పైకి పరుగు తీశారు. తను అత్త చెయ్యి పట్టుకుని ఎక్కుతోంది. "పైనుంచి కన్నబాబు ఆగమన్నాడు. అదీ మర్యాదా మప్పితం నేకుండా. అత్త ఆగిపోనాది. తలెత్తి 'ఎవుడ్రా ఆడు?' అన్నాది. నాను లాగినాను. కదలనేదు. నీళ్ళొచ్చీసినాయి."

కన్నబాబుకు వాలు రోడ్డు పైన మైకుసెట్ల దుకాణం. పోలిరాజుకు చిన్ననాటి జతగాడు. బడి ఎగ్గొట్టడంలో ఇద్దరూ సహాధ్యాయులు. ఆ పొద్దున భూకంపానికి కరెంటు పోయింది, మైకులు మూగపోయాయి. కన్నబాబు దుకాణం మెట్లమీద నిలబడి ఉత్త గొంతుతోనే అరిచాడు. ఆ అరుపు విని ప్రాణాలు దక్కించుకున్నామని చెప్పేవారు తమిళుల్లో ఉన్నారు, బెంగాలీల్లో ఉన్నారు, కూలికి వచ్చిన రాంచీవాళ్ళలో ఉన్నారు. ఇది నిజం. పోలిరాజు తప్ప అందరూ ఒప్పుకునేవారు.

నిర్వాసితుల శిబిరంలో, అన్నం వరసలో, పోలిరాజు కన్నబాబు చొక్కా పట్టుకున్నాడు.

"మా అమ్మని ఆగమన్నావంట."

"ఆగమన్నానా? పాగల్ అయిపోయావేటి? ముందుకెళ్ళమని గొంతు సించుకున్నాను!"

"కాళమ్మ ఇన్నాది. నువ్వు ఆగమన్నావు, అమ్మ ఆగినాది. మా అమ్మని నువ్వే సంపీసినావు."

వరసంతా వింటోంది. పొద్దుటినుంచి వీరుడని పిలిపించుకుంటున్నవాడిని అన్నం పళ్ళెంతో నిలబెట్టి హంతకుడన్నారు. కన్నబాబు ముఖం ఎర్రబడింది.

"నన్నంటావేటి? సెయ్యి ఎవులు ఒదిలీసినారో నీ పెళ్ళాన్నే అడుగు."

ఆ ఒక్క మాటతో చరిత్ర మారింది. ఓడ దిగి నెల కాని అత్త, ఇరుకిల్లు, వయసులో ఉన్న కోడలు: ఈ ముడిసరుకు అందాక మిగతా కథను వీధి స్వయంగా తయారుచేసుకుంది. ఒకరు చూశామన్నారు. ఇంకొకరు చూసినవాళ్ళను చూశామన్నారు. కొన్నాళ్ళకు కొళాయి దగ్గర కాళమ్మకు బిందె అందిస్తూ ఆడవాళ్ళు నవ్వు దాచుకునేవారు: "గట్టిగా పట్టుకో కాళమ్మా, ఒదిలీగలవు."

కాళమ్మ కొళాయికి వెళ్ళడం మానేసింది. పోలిరాజే బిందెలు మోశాడు. మగవాడు నీళ్ళు మోస్తే వీధికి ఇంకో రుజువు దొరికినట్టయింది.

వాళ్ళకు రేకుల షెడ్డులో ఒక గది ఇచ్చారు. వాన పడితే రేకుల మీద మోత మనిషి మాట మనిషికి వినబడనిచ్చేది కాదు. కాళమ్మ ఆ మోతకు చెవులు మూసుకుని గోడవారన కూర్చునేది. ఆమెకు అది వాన కాదు. పోలిరాజు శిథిలాల్లోంచి ఒక పరుపు లాక్కొచ్చి, చీల్చి, ఎండబెట్టి, దాని స్పాంజిని ముక్కలుగా రేకుల కింద అంటించాడు. ఊడితే మళ్ళీ అంటించాడు. ఊడకుండా చెక్కకు అంటించి చెక్కను బిగించాడు. మోత పూర్తిగా పోలేదు గాని, వానకీ సముద్రానికీ తేడా తెలిసేంతగా తగ్గింది. చుట్టుపక్కల గదులవాళ్ళు వచ్చి చూశారు, మాకూ చెయ్యమన్నారు. పైకప్పులు వేసే ఒక కాంట్రాక్టరు చూసి పనిలో పెట్టుకున్నాడు. పోలిరాజు మళ్ళీ సముద్రం మీదికి వెళ్ళలేదు.

ఏళ్ళు గడిచాయి. సునామీకి సిప్పీఘాట్ పొలాల్లోకి వచ్చిన నీళ్ళు అక్కడే కాపురం పెట్టేశాయి. పోలిరాజు పగ కూడా అంతే. కన్నబాబు మైకు పెట్టిన పెళ్ళిలో అతను భోజనం చెయ్యడు. జంగ్లీఘాట్‌లో తెలుగు పెళ్ళిళ్ళన్నిటికీ మైకు కన్నబాబుదే కావడంవల్ల చాలా మంచి విందులు పోగొట్టుకున్నాడు. కన్నబాబు ఎదురొస్తే రోడ్డు దాటేవాడు. దాటడానికి అవతలి పక్క లేని సందుల్లో గోడవైపు తిరిగి నిలబడేవాడు. చూసేవాళ్ళు వేరే అవసరం అనుకునేవారు.

కన్నబాబు మాత్రం దినదినాభివృద్ధి చెందాడు. ఏటా డిసెంబరు ఇరవై ఆరున ఒడ్డున సంస్మరణ సభ జరిగేది. మొదటి సభలో అతను గొంతు చించుకున్నాడు. తరవాతి సభలో గొంతులోంచి రక్తం వచ్చింది. ఆ తరవాతి సభకు అల కొబ్బరిచెట్టంత అయింది, మెట్ల అంచు దాకా వచ్చింది, అయినా అతను కదలలేదు. సభవాళ్ళు కప్పే శాలువా మాత్రం అదే పరిమాణంలో ఉండిపోయింది. ఆ ఉపన్యాసమంతా పోలిరాజు సభ చివర, వేదికకు వీపు పెట్టి నిలబడి వినేవాడు. ఏటా ఒకటే అనుకునేవాడు: ఇదే నోటితో, ఇంతమందిలో, కాళమ్మ చెయ్యి వదల్లేదని వీడిచేత అనిపించాలి.

ఎలా అన్నది అతనికి తెలియలేదు. కన్నబాబు కూతురు బేబీరాణి ఇంటికి వచ్చేదాకా.

బేబీరాణి సునామీకి పాలు తాగే పిల్ల. ఇప్పుడు దుకాణం పైగదిలో రికార్డింగు స్టూడియో పెడుతోంది. ఎవరో బిగించిన ఫోమంతా వానల్లో ఊడి, పరుచుకుని పడుకోవడానికి వీలుగా నేలమీదికి వచ్చేసింది.

"అంకుల్, మీరే చెయ్యాలి. మా పాపాతో మీ ఝగడా మీరు చూసుకోండి, నేనేం చేశాను?"

పోలిరాజు ఇంకొకరిని చూసుకోమన్నాడు.

"ప్లీజ్ అంకుల్. ఉద్ఘాటన్ డేట్ కూడా పెట్టేశాం. ఫస్ట్ రికార్డింగ్ పాపాదే. వో సునామీవాలా స్పీచ్." ఆ పిల్ల తలుపువైపు చూసి గొంతు తగ్గించింది. "ఒక్కటే బాత్. లోపల ఎంత చిల్లాయించినా బయటికి వినబడకూడదు. పాపా ప్రాక్టీస్ చేస్తుంటే పక్కవాళ్ళు నవ్వుతారట, సిగ్గు పడతారు."

ఇక్కడ ఉపన్యాసం రెండో భాగం చెప్పాల్సిన చోటు వచ్చింది. పోలిరాజు నోరు తెరిచాడు. కాసేపు అలాగే ఉంచి మూసేశాడు.

"సేస్తాను," అన్నాడు.

లోపల చేపలు కడుగుతున్న కాళమ్మ బయటికి వచ్చింది. పిల్ల వెళ్ళేదాకా ఆగింది.

"ఆడి గదికి స్క్రూలు బిగిస్తావా?"

"బిగిస్తాను. ఆడు లోపల ఉంటాడు. బయటికి ఇనబడదనుకుంటాడు. వరండా గోడ ఒంటి ప్లైవుడ్డు. వరండాలో వీదంతా కూకుని ఉంటాది."

"అయితే? ఆడు లోపల మాత్రం నిజం సెప్తాడేటి?"

"సెప్తాడు. మోత నేని గదిలో అబద్దం ఆడ్డం కష్టం. నాను సూసినాను. ఆ కోచింగ్ సెంటరు ఆయన, నూరుకి నూరు శాతం పాసని రికార్డు సెయ్యబోయి, ఆ మాట దగ్గర మంచినీళ్ళు అడిగినాడు."

కాళమ్మ నమ్మలేదు. కాని వద్దనలేదు.

పోలిరాజు ఆ గదిని పగబట్టి బిగించాడు. మామూలుగా గోడలో కొంత ఖాళీ వదులుతారు, లేకపోతే గొంతు ప్రాణం లేనట్టు వినిపిస్తుంది. అతను అరచెయ్యంత చోటు వదల్లేదు. పైకప్పు నడిమధ్యనుంచి నాలుగు అంచులకూ పరిచాడు. తలుపు వెనక వేశాడు. కిటికీ మూసి దాని మీద వేశాడు. ఫ్యాను రెక్కలకు కూడా వేసేవాడే, తిరగదని ఊరుకున్నాడు.

"అంకుల్, ఇంత వద్దు. ఆవాజ్ చచ్చిపోతుంది," అంది బేబీరాణి.

"సావనీ," అన్నాడు పోలిరాజు.

ప్రారంభోత్సవం పొద్దునే పెట్టారు. తలుపుకు మామిడాకులు, వరండాలో కుర్చీలు, టీ. వీధి పెద్ద అప్పలకొండ ముందు వరసలో కూర్చున్నాడు. ఈయన నూకన్న ఈడువాడు. ఎన్నాళ్ళయినా హిందీ తన నోట్లోకి రానివ్వకుండా కాపాడుకున్నవాడు. కాళమ్మ చివర స్తంభం పక్కన నిలబడింది. ఆమె పక్క కుర్చీలు ఖాళీగా ఉన్నాయి. కన్నబాబు పట్టు చొక్కాతో, నలుగురికీ దణ్ణాలు పెడుతూ లోపలికి వెళ్ళాడు. మైకు సరిచూసే నెపంతో వెనకే పోలిరాజు వెళ్ళాడు. తలుపు మూసుకుంది.

"అన్నలారా, అక్కలారా," అని కన్నబాబు మొదలుపెట్టాడు. మాట పెదవి దగ్గరే రాలిపోయింది. మళ్ళీ అన్నాడు. మళ్ళీ రాలింది. ఇన్నేళ్ళూ హాళ్ళలో, మైదానాల్లో తన గొంతు తనకు పెద్దదై తిరిగి వచ్చేది. ఇక్కడ ఏదీ తిరిగి రావడం లేదు.

"ఏటిరా ఇది?" అన్నాడు, పక్కనున్నది ఎవరో మర్చిపోయి. "నా గొంతేనా?"

"నీదే. అసలుది." పోలిరాజు తలుపుకు ఆనుకుని నిలబడ్డాడు. "కన్నబాబూ, ఇక్కడేటి అన్నా బయటికి ఇనబడదు. నువ్వూ నానూ. సెప్పు. మా అమ్మని ఆగమన్నావా నేదా?"

"నేదు."

"అయితే నా పెళ్ళాం అబద్దం ఆడినాదా?"

కన్నబాబు సమాధానం చెప్పబోయి నల్లటి గోడల వంక చూశాడు. ఎటు చూసినా అవే బొడిపెలు. గొంతు తగ్గించాడు.

"అబద్దమని నాకేటి తెలుసురా. ఆవిడ సెయ్యి ఒదిలిందని నాను సూడనేదు. అంత దూరంలో ఏటి కనబడతాది? నువ్వు అందరిముందూ సంపీసినావన్నావు. నాకు మండిపోనాది. నోటికొచ్చింది అనీసినాను. తరవాత..." ఆగాడు. "తరవాత అందరూ అదే అనీవోరు. నాను మళ్ళీ కాదనడానికి నేకపోనాది."

బయట వరండాలో టీ కప్పులు ఎక్కడివక్కడ ఆగిపోయాయి. కొళాయి దగ్గర బిందెలు అందించిన ఆడవాళ్ళు తమ చీరల అంచులు పరీక్షించుకున్నారు. స్తంభం పక్కన కాళమ్మ కదల్లేదు.

పోలిరాజుకు కావలసింది దక్కింది. అక్కడితో తలుపు తీసి ఉంటే అతనికి పూర్తి విజయం. కాని పగబట్టినవాడికి చాలు అనే మాట రాదు.

"అది సరే. మరి ఆగమన్నది?"

"అన్నేదంటే నమ్మవేటి? అమ్మతోడు!"

"అయితే ఆ రోజు ఎలాగ అరిసినావో అలాగే అరువు. ఆ మాటే. ఆ గొంతుతోనే."

కన్నబాబు కళ్ళు మూసుకున్నాడు. పొట్టలోకి ఊపిరి లాక్కుని, శాలువాలు కప్పించుకోకముందటి గొంతుతో అరిచాడు.

"ఆగే! ఆగే బఢో! ఆగే!"

వరండాలో అప్పలకొండ కుర్చీలోంచి లేచాడు. "ఇన్నారా! ఇన్నారా! ఆగే అన్నాడు! పెద్దమనిషిని పట్టుకుని ఆగే అన్నాడు!"

"అరే తాతా," బేబీరాణి ఆయన చెయ్యి పట్టుకుంది, "ఆగే అంటే ముందుకి! ముందుకి పదండి అని!"

"ఏ బాసలో?"

"హిందీలో!"

"తెలుగు ఆడోళ్ళని హిందీలో ఎందుకు పిలుస్తాడే?"

"ఒక్క తెలుగువాళ్ళే ఉన్నారా అక్కడ? అందరూ పరిగెత్తుతున్నారు, భాగ్ రహే థే! పైగా డర్ లగే తో, భయమేస్తే ఎవరికైనా హిందీయే వస్తుంది కదా!"

"నాకు రాదు," అన్నాడు అప్పలకొండ.

వరండా రెండుగా చీలింది. ఓడ దిగి వచ్చినవాళ్ళంతా ఒకవైపు, ఇక్కడ పుట్టినవాళ్ళంతా ఒకవైపు. ఒకే అరుపు, ముసలివాళ్ళ చెవిలో ఆడదాన్ని పట్టుకుని ఆగవే అన్నట్టు, పిల్లల చెవిలో ముందుకు నడవమన్నట్టు.

తెలుగులో ఒక గొప్ప సౌకర్యం ఉంది. ఎవరేమన్నారో ఆ మాటనే మోసుకురానక్కర్లేదు. సారం పిండి తెస్తే చాలు. ఆగమన్నాడు. వెళ్ళమన్నాడు. రమ్మన్నాడు, పొమ్మన్నాడు. కాపురాలూ కచేరీలూ ఈ సౌకర్యం మీదే నడుస్తున్నాయి. ఇన్నేళ్ళలో కాళమ్మ ఆగమన్నాడనే చెప్పింది. కన్నబాబు వెళ్ళమన్నాననే చెప్పాడు. అసలు నోట్లోంచి పడిన మాట ఏమిటని ఒక్కరూ అడగలేదు. అడగనందుకు ఇద్దరూ అబద్ధాలకోరులయ్యారు.

సునామీనాటికి హిందీ రాని కాళమ్మ కూడా ఆ తరవాత హిందీలో ఆటోవాళ్ళను దులిపేసేంత నేర్చుకుంది. స్తంభం పక్కనుంచి తనలో తాను అన్నట్టు అంది: "బఢో అని కూడా అన్నాడేటి? నీళ్ళ మోతలో అది ఇనబడనేదు."

గది లోపల పోలిరాజు తలుపుకు ఆనుకునే ఉన్నాడు. హిందీలో పెరిగినవాడికి అనువాదం అక్కర్లేకపోయింది. అతనికి ఆ వాలు రోడ్డు కనిపించింది. ఎన్నడూ ఏకవచనం పడని మనిషి, కొత్త ఊరిలో, పైనుంచి ఎవడో ఆగే అంటే, నీళ్ళను వెనక పెట్టుకుని, ఎవడ్రా వాడు అని తేల్చుకోవడానికి నిలబడింది.

కన్నబాబు ఇంకా ఆయాసపడుతూ అతని వైపు చూస్తున్నాడు. "సాలా? ఇప్పుడైనా నమ్మినావా?"

అమ్మ ఎందుకు ఆగిందో చెప్పకుండా ఉండవచ్చు. ఆ సంగతి పోలిరాజుకు తెలుసు. మరునిమిషం తలుపు తీస్తే బయటివాళ్ళు ఎలాగూ చెబుతారు. కాని అది తను చెప్పినట్టు కాదు. అంతకాలం మోసినవాడు దాన్ని ఇంకొకరి చేతికి ఎందుకిస్తాడు?

"మా అమ్మకి హిందీ రాదు," అన్నాడు.

కన్నబాబుకు అర్థం కావడానికి కాస్త సమయం పట్టింది. అర్థమయ్యాక అతను పోలిరాజునూ చూడలేదు, మైకునూ చూడలేదు. ఆ గదిలో నిశ్శబ్దం కూడా మామూలుది కాదు. దాన్నికూడా గోడలు తాగేశాక మిగిలింది ఏదో అది. అప్పుడే గోడ అవతలినుంచి అప్పలకొండ గొంతు స్పష్టంగా వచ్చింది: "ఏ బాసలో అయితేనేటి, అన్నాడా నేదా?" కన్నబాబు ఆ గోడవైపు చూసి, పోలిరాజు వైపు చూసి, తలుపు తీసుకుని, పట్టు చొక్కాతోనే జనం మధ్యనుంచి మెట్లు దిగి వెళ్ళిపోయాడు.

నిజానికి ఇక్కడ పోలిరాజు పగ చల్లారి, మిత్రులిద్దరూ కౌగిలించుకోవలసి ఉంది. అప్పలకొండ ఆ సలహా ఇచ్చాడు కూడా. పోలిరాజు పట్టించుకోలేదు. సగం పగకు ఆధారం పోయిన మాట నిజమే. అది అతనికి చాలా అసౌకర్యంగా ఉంది, ఇంట్లో ఒక గోడ కూలినట్టు. కాని మిగతా సగం ఇప్పుడు మరింత తేటగా కనిపించింది.

కొన్నాళ్ళు దుకాణం తెరవకుండా ఉన్న కన్నబాబు, ఒక పూట వాళ్ళింటి గుమ్మంలోకి వచ్చాడు. కాళమ్మ చేప పొలుసు తీస్తోంది. తలెత్తలేదు.

"ఒదినా," అన్నాడు.

పోలిరాజు వచ్చి అడ్డంగా నిలబడ్డాడు. "ఏటి?"

"నాకు తెలీదురా. తెలిస్తే తెలుగులోనే అరిసీవోణ్ణి."

"అది ఒదిలీసినాను. హిందీలో అరిసింది ఒదిలీసినాను. తెలుగులో అన్నది ఒదల్ను."

"అందరూ ఇన్నారు గదరా. నువ్వే ఇనిపించినావు."

"గోడ సాటునుంచి ఇన్నది సెల్లదు. అన్నం వరసలో, అందరిముందూ అన్నావు. అందరిముందే కాదనాల. ఇరవై ఆరున. మైకులో."

కన్నబాబు గుమ్మం చెక్క పట్టుకున్నాడు. "ఆ సభలో నాకు మిగిలింది ఆ అరుపొక్కటేరా. దాన్ని కూడా లాక్కుంటావా?"

"లాక్కోను. నీ అరుపు ఇని పైకొచ్చినోళ్ళు వచ్చినారు. అది నీది, ఉంచుకో. సెయ్యి కాళమ్మది. అది ఇచ్చీ."

కాళమ్మ పొలుసు గీకుతూనే ఉంది. కన్నబాబు ఆమె ఏదైనా అంటుందేమోనని కాసేపు నిలబడి వెళ్ళిపోయాడు.

డిసెంబరు ఇరవై ఆరున సభకు ఎప్పటికంటే ఎక్కువమంది వచ్చారు. సంతాపం పెరగడం దీనికి కారణం కాదు. కొవ్వొత్తులు, పూలు, మౌనం అయ్యాక కన్నబాబును పిలిచారు. ఈసారి అతను తన మైకు ముందు తనే అపరిచితుడిలా నిలబడ్డాడు. కొబ్బరిచెట్టంత అల రాలేదు. రక్తం రాలేదు. పోలిరాజు మొదటిసారి వేదికవైపు తిరిగి నిలబడ్డాడు.

"అన్నలారా," అన్నాడు కన్నబాబు. "కాళమ్మొదిన..."

దగ్గాడు. మంచినీళ్ళు అడిగి తాగాడు. మళ్ళీ "కాళమ్మొదిన" అన్నాడు, అక్కడే ఆగాడు. జనంలో గుసగుస లేచింది. జాలి చాలా త్వరగా పుడుతుంది, ముఖ్యంగా మనం కూడా కొంత దోషులమైనప్పుడు. అప్పలకొండ కుర్చీలోంచి చెయ్యి ఊపాడు.

"కూకో కన్నబాబూ, కూకో. మేం ఇన్నాంలే ఆ రోజే. సరిపోనాది."

"ఇన్నాం, ఇన్నాం," అన్నారు నలుగురు. కొళాయి ఆడవాళ్ళు అందరికంటే గట్టిగా అన్నారు. కన్నబాబు ముఖంలో ప్రాణం వచ్చింది. మైకు పక్కన పెట్టబోయాడు. పోలిరాజు అడుగు ముందుకు వేశాడు. అతనికంటే ముందు ఆడవాళ్ళ వెనకనుంచి కాళమ్మ లేచింది.

"నాను ఇననేదు," అంది.

అందరూ తిరిగి చూశారు. ఆమె కొంగు నడుముకు చుట్టి, జనం మధ్యనుంచి వచ్చి, వేదికకు ఎదురుగా నిలబడింది. పోలిరాజు వేసిన అడుగు వెనక్కి తీసుకున్నాడు.

కన్నబాబు మైకును రెండు చేతులా పట్టుకున్నాడు. "కాళమ్మొదిన అత్త సెయ్యి ఒదల్నేదు," అన్నాడు. "ఒదిలిందని నాను సెప్పింది అబద్దం."

మైకు కీచుమంది. ఎవరో దాన్ని సరిచెయ్యబోతే కాళమ్మ చెయ్యెత్తి ఆపింది.

"ఇనబడనేదు. గట్టిగా."

"కాళమ్మొదిన అత్త సెయ్యి ఒదల్నేదు! నాను సెప్పింది అబద్దం!"

ఆ గొంతు జనం మీదుగా, రేవు మీదుగా, కట్టేసి ఉన్న డింగీల మీదుగా వెళ్ళింది. కొళాయి ఆడవాళ్ళు తలలు దించుకున్నారు. కాళమ్మ వాళ్ళను ఒకరొకరినే తీరిగ్గా చూసి, మళ్ళీ వేదికవైపు తిరిగింది.

"ఇంకోపాలి," అంది.